ఛాయాచిత్ర చరిత్ర – 4: నల్లవేళ్ల పెద్దమనుషులు

1850ల నాటి లండన్‌లో ఫొటోలు తీసే సరదా ఎవరికుందో తెలుసుకోడానికి ఇంట్లో కెమెరా వెతకనక్కర్లేదు, వేళ్లు చూస్తే సరిపోయేది. సిల్వర్ నైట్రేట్ ద్రావణం అంటిన చర్మం వెలుతురు సోకగానే నల్లబడుతుంది. సబ్బుకు పోదు, రుద్దినా పోదు. పై చర్మం రాలి కొత్తది రావాలి. అంత ఓపిక లేనివాళ్లు పొటాషియం సయనైడ్‌తో చేతులు కడుక్కునేవారు. అది ప్రాణాంతక విషమని ఎవరెంత హెచ్చరించినా ఆ అలవాటు చాలాకాలం పోలేదు. ఆ నల్లవేళ్లు లాయర్లవి, డాక్టర్లవి, భూస్వాములవి, పాదిరీలవి, సైనికాధికారులవి. ఫొటో అమ్ముడుపోతే తప్ప పొయ్యి వెలగని దుస్థితి వాళ్లెవరికీ లేదు. తీసిన బొమ్మను పదిమంది ముందు పెట్టి బాగోగులు చెప్పించుకోవాలన్న తహతహ మాత్రం అందరికీ ఉండేది. లండన్ మొదలుకొని బొంబాయి, కలకత్తా, మద్రాసుల దాకా సంఘాలను పుట్టించింది ఆ తహతహే. బొమ్మల మీద తీర్పు చెప్పడానికి పుట్టిన ఈ సంఘాలు కొద్దికాలంలోనే మనుషుల మీదా తీర్పులు చెప్పాయి. ఈ భాగం ఆ రెండు రకాల తీర్పుల కథ.

1839లో పారిస్‌లో డాగేర్, ఇంగ్లండులో టాల్బట్ వేర్వేరు దారుల్లో ఫొటోగ్రఫీని లోకానికి ప్రకటించిన సంగతి, టాల్బట్ తన కాగితం నెగటివ్ పద్ధతి చుట్టూ పేటెంటు కంచె కట్టిన సంగతి కిందటి భాగంలో చూశాం. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే శిల్పి గాజుపలక మీద కొలోడియన్ పూసి నెగటివ్ చేసే పద్ధతి కనిపెట్టాడు. పైసా ఆశించకుండా దాన్ని పత్రికలో అచ్చువేయించాడు. టాల్బట్ ఊరుకోలేదు, అదీ తన పేటెంటు కిందికే వస్తుందన్నాడు. చివరికి పెద్దల ఒత్తిడికి తలొగ్గి 1852 ఆగస్టులో టైమ్స్ పత్రికలో ఒక లేఖ ప్రకటించాడు. సరదాకి తీసుకునేవాళ్లు తన పద్ధతిని స్వేచ్ఛగా వాడుకోవచ్చు, డబ్బు తీసుకుని జనం ముఖచిత్రాలు తీసేవాళ్లు మాత్రం రుసుము కట్టాల్సిందేనన్నది దాని సారాంశం. ఫొటోగ్రాఫర్లను రెండు వర్గాలుగా చీల్చిన గీత అక్కడే పడింది. ఆ గీతకు ఒక పక్కన నిలిచినవాళ్లకు ఖర్చూ భయమూ లేకుండా కూడుకునే వీలు చిక్కింది.

కూడుకోవాల్సిన అవసరం కూడా గట్టిదే. స్టూడియో పెట్టుకున్నవాడికి తన పని ఎలా ఉందో బేరం చెబుతుంది. ముఖం నచ్చని గిరాకీ డబ్బివ్వడు. సరదాకి తీసేవాడికి ఆ కొలబద్ద లేదు. ఇంట్లోవాళ్లు ఏం తీసినా అద్భుతమంటారు, ఇరుగుపొరుగుకు అది ఏమిటో అర్థం కాదు. పైగా ఆనాటి ఫొటోగ్రఫీలో సగం రసాయన శాస్త్రం, సగం అదృష్టం. నెగటివ్ మీద మచ్చలు పడితే తప్పు కాగితానిదా, నీళ్లదా, మందుదా, ఎండదా? ఒంటరిగా కూర్చుంటే ఏళ్లు గడిచినా తేలదు. అదే మచ్చలు చూసి విసిగిపోయిన మరో మనిషి పక్కనుంటే అరగంటలో తేలుతుంది.

ఈ సంగతి అందరికన్నా ముందు కనిపెట్టింది ఎడిన్‌బరో వకీళ్లు. టాల్బట్ పేటెంటు స్కాట్లండుకు వర్తించకపోవడం వాళ్లకు కలిసొచ్చింది. 1840ల తొలినాళ్లలోనే కొందరు స్నేహితులు కేలోటైప్ (టాల్బట్ కాగితం నెగటివ్ పద్ధతి పేరు) క్లబ్ పేరుతో కలుసుకుంటూ, తీసిన బొమ్మలు చూపించుకుంటూ, పంచుకుంటూ వచ్చారు. ప్రపంచంలో మొట్టమొదటి ఫొటోగ్రఫీ సంఘాల్లో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు. వాళ్ల ఆల్బమ్‌లు రెండు నేటికీ ఎడిన్‌బరో గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి. లండన్‌లో 1847లో పదీపన్నెండు మందితో అలాంటి బృందమే ఏర్పడింది. అందులో ప్రముఖుడు డాక్టర్ హ్యూ డయమండ్, సర్రీ మానసిక చికిత్సాలయంలో రోగుల ముఖచిత్రాలు తీసిన వైద్యుడు.

1852 డిసెంబరు చివర్లో లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ భవనంలో కేవలం ఫొటోలతో ప్రదర్శన పెట్టారు. తలుపులు తెరిచాక కూడా బొమ్మలు వచ్చి చేరుతూనే ఉన్నాయి, మొత్తం దాదాపు 800 అయ్యాయి. ఆ ఊపులో 1853 జనవరి 20న ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. అధ్యక్ష పదవి ముందు టాల్బట్‌కే ఇవ్వజూపారు, ఆయన వద్దన్నాడు. పేటెంటు తగాదాల వేడి చల్లారని రోజులవి, ఒప్పుకుంటేనే వింత. పదవి చిత్రకారుడు సర్ చార్లెస్ ఈస్ట్‌లేక్‌కు దక్కింది. కార్యదర్శిగా వచ్చిన రోజర్ ఫెంటన్ రెండేళ్ల తర్వాత క్రిమియా యుద్ధరంగంలో తీసిన ఫొటోలతో లోకప్రసిద్ధుడయ్యాడు. విక్టోరియా రాణి, ఆమె భర్త ఆల్బర్ట్ పోషకులయ్యారు. మార్చిలో పత్రిక మొదలైంది.

సమావేశాల్లో ఎవరో ఒకరు వ్యాసం చదివేవారు, తెచ్చిన ప్రింట్లు చేతులు మారేవి, ఆపైన చర్చ. ఈ చర్చల వివరాలు పత్రికలో అచ్చయ్యేవి కాబట్టి లండన్‌లో అన్న మాట కొన్ని వారాలకు ఓడెక్కి బొంబాయి చేరేది. అధ్యక్షుడి భార్య ఎలిజబెత్ ఈస్ట్‌లేక్ 1857లో రాసిన పెద్ద వ్యాసంలో, రాజకుమారుడి నుంచి సత్రం నడిపేవాడి దాకా ఇన్ని రకాల మనుషులను లాభాపేక్ష లేకుండా ఒక్క పనిలో కలిపింది ఇంకేదీ లేదని ఆశ్చర్యపోయింది. కలిపిందన్నది నిజమే. కలిసినవాళ్లందరికీ ఒకే పీట వేసిందా అన్నది వేరే ప్రశ్న.

సంఘం పెట్టిన రెండు వారాలకే మొదటి తగవు లేచింది. ఫిబ్రవరి సమావేశంలో సర్ విలియం న్యూటన్ అనే సూక్ష్మచిత్రకారుడు కళకూ ఫొటోగ్రఫీకీ ఉన్న సంబంధం మీద వ్యాసం చదివాడు. చిత్రకారులకు పనికొచ్చే ఫొటోలో ప్రతి ఆకూ ప్రతి ఇటుకా కత్తిరించినట్టు కనబడనక్కర్లేదని, అవసరమైతే వస్తువును ఫోకస్ నుంచి కొద్దిగా తప్పించాలని, నెగటివ్‌ను చేత్తో దిద్దినా తప్పులేదని ఆయన వాదం. సభలో ఉన్నవాళ్లలో చాలామంది ఆ ఫోకస్ కుదరక ఏళ్ల తరబడి కటకాలతో కుస్తీపట్టినవాళ్లు. స్పష్టతే ఈ యంత్రం గొప్పదనమని నమ్మినవాళ్ల ముందు మసక మేలనడం దేవాలయంలో నాస్తికత్వం బోధించినంత పనయింది. నెగటివ్‌ను దిద్దితే అది ఫొటో ఎలా అవుతుందని విరుచుకుపడ్డారు. ఇప్పుడు చూస్తే రెండు పక్షాలూ వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుకున్నట్టే ఉంది: ఒకరికి ఫొటో సాక్ష్యం, మరొకరికి చిత్రలేఖనానికి చెల్లెలు. ఏ కొలతతో కొలవాలో తేలకుండానే కొలవడం మొదలుపెట్టారు. ఆ తగవు ఈ నూట డెబ్బై ఏళ్లలో వేషాలు మార్చుకుంటూ వస్తోందే తప్ప ముగియలేదు.

సభలో మాటలు పడటం ఇష్టంలేనివాళ్లకు మరో మార్గం దొరికింది, అది బొమ్మల మార్పిడి. 1855లో కొందరు సభ్యులు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒక్కొక్కరు తమ మంచి నెగటివ్ ఎంచుకుని అందరికీ సరిపడా ప్రింట్లు వేసి ఇవ్వాలి. అందరివీ కలిపి కుట్టిన ఆల్బమ్ ప్రతివారికీ చేరుతుంది. 1855లో ఒకటి, 1857లో ఒకటి అలా తయారయ్యాయి. పాడుబడిన కోటలు, చర్చిలు, పొలాల గట్లు, చెట్లు వాటిలో ఎక్కువ. కదిలే వస్తువును పట్టే వేగం కెమెరాకు లేదు కాబట్టి చెట్టూ గోడా నమ్మకమైన వస్తువులు. ఈ మార్పిడిలో మొహమాటం లేని విమర్శ ఒకటి దాగుంది. ఒకే ఆల్బమ్‌లో ఇతరుల ప్రింటు పక్కన తనది అతికించి ఉంటే ఎవరూ నోరు విప్పక్కర్లేదు, పేజీ తిప్పినవాడికే ఎక్కువ తక్కువలు తెలిసిపోతాయి.

ఆల్బమ్‌లు ఇంకో చేదు నిజాన్ని కూడా బయటపెట్టాయి. ఏడాది తిరగకుండానే కొన్ని బొమ్మలు పసుపు తిరిగి వెలిసిపోతున్నాయి. ఇచ్చినవాడికి తలవంపులు, పుచ్చుకున్నవాడికి నష్టం. 1855లో సొసైటీ దీని మీద ఒక సంఘాన్నే వేసింది, ఆల్బర్ట్ ఖర్చులకు 50 పౌండ్లిచ్చాడు. బొమ్మను నిలిపే హైపో మందును సరిగా కడగకపోవడం, గంధకం ఉన్న గాలి, తేమ కారణాలని ఆ సంఘం నివేదిక తేల్చింది. సాయంత్రం త్వరగా పని ముగించుకోవాలని నాలుగు చెంబుల నీళ్లతో సరిపెట్టుకున్న సోమరితనం ఒక్కొక్కరి ప్రింటులో పట్టుబడింది. నేటికి మిగిలిన ఆనాటి బొమ్మలు చాలామటుకు ఓపికగా కడిగినవాళ్లవే.

సాంకేతికం ఒక దారికి వచ్చేకొద్దీ తగవులు బొమ్మలోని విషయం మీదికి మళ్లాయి. స్వీడన్‌లో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఆస్కార్ రైలాండర్ 1857లో ‘రెండు జీవన మార్గాలు’ అనే బొమ్మ చేశాడు. ముప్ఫైకి పైగా నెగటివ్‌లను ఒక్కొక్కటిగా ఒకే కాగితం మీద ముద్రించి కూర్చిన నాటకరంగం అది. నడుమ ఒక వృద్ధుడు, రెండు పక్కలా ఇద్దరు యువకులు; ఒకడు జూదం, తాగుడు, స్త్రీలోలత్వం వైపు, మరొకడు చదువు, పని, భక్తి వైపు. మాంచెస్టర్ మహాప్రదర్శనలో దాన్ని చూసిన విక్టోరియా రాణి ఒక ప్రతిని కొని భర్తకు బహుమతిగా ఇచ్చింది. రాణి గోడకెక్కిన అదే బొమ్మను స్కాట్లండు ఫొటోగ్రాఫిక్ సొసైటీ తన ప్రదర్శనలోకి రానివ్వలేదు. అందులో అర్ధనగ్నంగా ఉన్న స్త్రీలున్నారు. చిత్రకారుడు గీస్తే ఊహ. ఫొటోగ్రాఫర్ చూపిస్తే ఒక నిజమైన ఆడమనిషి కెమెరా ముందు అలా నిలబడిందని అర్థం. వాళ్ల అభ్యంతరం అదీ.

రైలాండర్ 1858 ఏప్రిల్‌లో లండన్ సొసైటీ ముందుకొచ్చి తన కిటుకులన్నీ విప్పి చెప్పాడు. దాచడానికేమీ లేదని చెబితే గౌరవం పెరుగుతుందనుకున్నాడు కాబోలు. జరిగింది తలకిందులు. కిటుకు తెలిశాక ఇది అతుకుల బొంత, ఫొటో కాదన్నారు. కొన్ని నెలల్లోనే ఆయన ఈ జనం కోసం చేసే పనుల మీద విరక్తి పుట్టిందని మిత్రుడు హెన్రీ పీచ్ రాబిన్సన్‌కు రాసుకున్నాడు. ఆ రాబిన్సన్‌కూ తన వాటా అందింది. క్షయతో చివరి ఘడియల్లో ఉన్న అమ్మాయి, చుట్టూ కుటుంబం – ఐదు నెగటివ్‌లతో కూర్చిన ఆయన 1858 నాటి బొమ్మ చూసి, చావు దగ్గర కెమెరా పెట్టడానికి మనసెలా ఒప్పిందని మండిపడ్డారు. నిజానికి ఆ అమ్మాయి నిక్షేపంగా ఉంది, నటించిందంతే. ఆ సంగతి తెలిసినవాళ్లకు కోపం తగ్గకపోగా మోసం చేశాడన్న కొత్త కారణం దొరికింది.

ఈ వరసలో చివరిగా చెప్పాల్సింది జూలియా మార్గరెట్ కామెరాన్ గురించి. 1815లో కలకత్తాలో పుట్టిన ఈమెకు 48 ఏళ్ల వయసులో కూతురూ అల్లుడూ కాలక్షేపానికని కెమెరా కొనిచ్చారు. వైట్ దీవిలోని ఇంట్లో బొగ్గుల గది చీకటిగది అయింది, కోళ్లగూడు అద్దాల స్టూడియో అయింది. మరుసటేడు 1864లోనే సొసైటీ ప్రదర్శనకు బొమ్మలు పంపింది. దగ్గరగా, పెద్దగా, కాస్త మసగ్గా ఉన్న ముఖాలు. అక్కడక్కడ మందు ఒలికిన చారలు, గీతలు, వేలిముద్రలు. సొసైటీ పత్రిక సమీక్షకులు ఆమె చేతకానితనాన్ని ఏకరువు పెట్టారు. ఊహాశక్తి ఉందని ఒప్పుకుంటూనే పని నేర్చుకోమన్నారు. న్యూటన్ పదకొండేళ్ల కిందట నోటితో అన్నది ఆమె చేతల్లో చూపించింది. శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఆమెకు పాత మిత్రుడు. ఏది సరైన ఫోకసో నిర్ణయించే హక్కు ఎవరికుందని ఆయనకు రాసిన ఉత్తరంలో నిలదీసింది. 1865లో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం ఆమె ప్రింట్లు కొన్నది. సమీక్షకుల మాట పూర్తిగా తప్పని చెప్పలేం. ఆ చారల్లో కొన్ని నిజంగా అజాగ్రత్తే. కానీ వాళ్లు చారలు లెక్కపెడుతూ ముఖాలు చూడటం మరచిపోయారు.

ఆమె పుట్టిన దేశంలో ఈ సరదా అప్పటికే వేళ్లూనుకుంది. కథ పదేళ్లు వెనక్కి వెళ్లాలి. లండన్ సొసైటీ పుట్టిన దాదాపు రెండేళ్ల తర్వాత, 1854 అక్టోబరులో బొంబాయి ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. మరుసటేడు సొంత పత్రిక కూడా పెట్టుకుంది. ఈస్టిండియా కంపెనీ అధికారులు, సైనికులు, వర్తకులతోపాటు భారతీయులూ అందులో చేరారు. వాళ్లలో ముఖ్యుడు డాక్టర్ భావు దాజీ. గ్రాంట్ మెడికల్ కాలేజీలో చదివిన వైద్యుడు, సంస్కృత పండితుడు, శాసనాల మీద మక్కువ ఉన్నవాడు. శాసనాన్ని కంటితో చూసి నకలు రాసుకుంటే అక్షరం తప్పుతుంది. ఫొటో తీస్తే తప్పదు. ఆయనలాంటివాళ్లకు కెమెరా విలాసవస్తువు కాదు, పరిశోధన పనిముట్టు.

సభ్యుల్లో విలియం జాన్సన్, విలియం హెండర్సన్ అనే ఇద్దరు 1856 చివరినుంచి 1858 దాకా నెలనెలా ఒక ఆల్బమ్ ప్రచురించారు. భారతదేశపు ఔత్సాహికుల ఆల్బమ్ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. సంచికకు మూడు అసలు ప్రింట్లు అతికించి, పక్కన వివరణ అచ్చువేసేవారు. గుళ్లు, రేవులు, వీధులతోపాటు రకరకాల కులాల వాళ్లను, వృత్తుల వాళ్లను వేషభాషలతో నిలబెట్టి తీసిన బొమ్మలు వాటిలో ఉండేవి. ఫొటో తీసినవాళ్ల మధ్య చర్చంతా వెలుతురు గురించీ కూర్పు గురించీ. ఎదురుగా నిలబడ్డవాడికి మాత్రం ఆ చర్చలో చోటు లేదు.

ఇక్కడి పెద్ద శత్రువు ఎండ. లండన్‌లో వెలుతురు చాలక బాధపడితే ఇక్కడ ఎక్కువై బాధపడ్డారు. కొలోడియన్ పద్ధతిలో గాజుపలక తడి ఆరకముందే మందులో ముంచి, ఫొటో తీసి, కడిగి ముగించాలి. చల్లని ఇంగ్లండులో అందుకు పదిపదిహేను నిమిషాలు దొరికేవి. వేసవిలో దక్కన్ పీఠభూమి మీద కొలోడియన్‌లోని ఈథర్ ఆవిరైపోయి పలక చేతిలోనే ఎండిపోయేది. చీకటి గుడారంలో గాలాడక, ఈథర్ ఘాటుకు తల తిరిగి బయటికి పరుగెత్తాల్సి వచ్చేది. నూతినీళ్లలో ఉప్పు ఉంటే వెండి మందు తెల్లగా విరిగిపోయేది, దుమ్ము పడితే పలక మీద చుక్కలు, వానకాలంలో బూజు. అందుకే చాలామంది ఫ్రెంచివాడు గుస్తావ్ లె గ్రే 1851లో ప్రకటించిన మైనపు కాగితం పద్ధతికి మొగ్గారు. కాగితానికి మైనం పట్టించి ముందే మందు పూసి ఉంచుకుంటే ఊరు చేరాక వాడుకోవచ్చు, తీసిన రోజునే కడగాల్సిన పని కూడా లేదు. గాజంత స్పష్టత రాదు, నిమిషాల తరబడి కెమెరా తెరిచి ఉంచాలి. కాగితం పక్షం, గాజు పక్షం అని సంఘాలు రెండుగా వాదించుకునేవి. లండన్‌లో కళ గురించి జరిగిన తగవు మన దగ్గర వాతావరణం గురించి జరిగింది. పల్లకీల మీద, ఎడ్లబళ్ల మీద సీసాలు పగలకుండా మోసినవాళ్లు, నీళ్లు తెచ్చినవాళ్లు, గుడారం వేసినవాళ్లు ఈ దేశపు కూలీలే. పత్రికల్లో వాళ్ల పేర్లు ఎక్కడా కనబడవు.

1856 జనవరిలో కలకత్తాలో బెంగాల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ పుట్టింది. ఏషియాటిక్ సొసైటీలో పనిచేసిన పండితుడు రాజేంద్రలాల్ మిత్ర అందులో సభ్యుడే కాదు, కోశాధికారి కూడా. తెల్లవాళ్ల సంఘంలో ఒక భారతీయుడి చేతిలో డబ్బుపెట్టె ఉండటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అది ఎక్కువకాలం నిలవలేదు. మొఫస్సిల్లో నేరం చేసిన యూరోపియన్లను కూడా కంపెనీ క్రిమినల్ కోర్టుల్లో విచారించాలన్న ప్రతిపాదన అప్పట్లో పెద్ద దుమారం లేపింది. నీలిమందు తోటల దొరలకు అది కంటగింపు. 1857 ఏప్రిల్‌లో కలకత్తా టౌన్‌హాల్ సభలో మిత్ర ఆ ప్రతిపాదనను సమర్థిస్తూ, తోటల దొరలు రైతుల మీద సాగిస్తున్న అరాచకాన్ని, పొట్టచేతబట్టుకుని వచ్చి ఇక్కడ ప్రభువులైపోయిన వాళ్ల తీరును తూర్పారబట్టాడు.

ఆ ప్రసంగానికీ ఫొటోలకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఫొటోగ్రాఫిక్ సొసైటీలోని తెల్ల సభ్యులు భగ్గుమన్నారు. ఇలాంటివాడితో ఒకే బల్ల దగ్గర కూర్చోలేమన్నారు. ఆ ఏడే మిత్రను సంఘం నుంచి వెళ్లగొట్టారు. ప్రసంగం జరిగిన మరుసటి నెలలోనే మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారన్నది గుర్తుంచుకోవాలి. భయమూ కోపమూ కలిసిన రోజులవి. అయినా చిత్రకళా విచారణ కోసం పెట్టుకున్న సంఘం, బొమ్మల్లో ఏ దోషమూ లేని మనిషిని మాటల దోషానికి శిక్షించిందన్నది చెరిగిపోదు. మిత్రకు ఫొటోగ్రఫీ మీద నమ్మకం సడలలేదు. తర్వాత ఒరిస్సా పురాతన కట్టడాల మీద, బుద్ధగయ మీద రాసిన ఉద్గ్రంథాల్లో ఫొటోలను విరివిగా వాడుకున్నాడు. 1885లో ఏషియాటిక్ సొసైటీకి తొలి భారతీయ అధ్యక్షుడయ్యాడు.

మద్రాసు సంఘం కూడా 1856లోనే పుట్టింది. దానికి ప్రాణం పోసింది అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు. 1850లో మద్రాసులో చిత్రకళా పాఠశాల పెట్టినవాడు ఆయనే. అక్కడ కుండలు, చెక్కడం, చిత్రలేఖనంతోపాటు ఫొటోగ్రఫీ నేర్పే ఏర్పాటు చేశాడు కాబట్టి ఇక్కడి కుర్రాళ్లకు దొరల సంఘంలో కుర్చీ దొరకకపోయినా పని నేర్చుకునే దారి దొరికింది. అధ్యక్షుడు వాల్టర్ ఇలియట్ తెలుగువాళ్లకు పరిచితుడే. ఉత్తర సర్కారుల కమిషనర్‌గా ఉంటూ 1845లో గుంటూరు సీమలోని అమరావతి స్తూపం దగ్గర తవ్వించి, దొరికిన శిల్పాలను మద్రాసుకు తరలించినవాడు. అవి అక్కడ ఎండకూ వానకూ ఏళ్ల తరబడి ఆరుబయట పడి ఉన్నాయి.

ఈ మద్రాసు వాతావరణంలోంచి వచ్చినవాడు కెప్టెన్ లినేయస్ ట్రైప్. మద్రాసు పదాతిదళంలో అధికారి. సెలవు రోజుల్లో హళేబీడు, బేలూరు ఆలయాల ఫొటోలు తీసి 1855 మద్రాసు ప్రదర్శనకు 68 ప్రింట్లు పంపాడు. తీర్పరులు వాటికి మొదటి తరగతి పతకమిచ్చారు. ఔత్సాహికుల మెప్పు ఒక మనిషి జీవితాన్ని మార్చిన సందర్భాల్లో ఇదొకటి. ఆపైన బర్మాకు పంపారు, తిరిగొచ్చాక మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌ను చేశారు. 1857 చివర్లో నాలుగు ఎడ్లబళ్ల సామానుతో శ్రీరంగం, మధురై, తంజావూరు వైపు బయల్దేరాడు. తంజావూరు బృహదీశ్వరాలయం పీఠం మీది శాసనాన్ని 21 ఫొటోలుగా తీసి ఒకదాని పక్కన ఒకటి అతికిస్తే దాదాపు 19 అడుగుల పొడవైంది. కాగితం నెగటివ్‌లో ఆకాశం మరకలమయంగా వస్తుందని, నెగటివ్ మీద రంగుతో మబ్బులు తానే గీసేవాడు. లండన్ సభలో న్యూటన్‌ను తిట్టించిన నేరం మద్రాసులో ప్రభుత్వ జీతం మీద నడిచింది.

1858లో ట్రైప్ మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాలను ఫొటోలు తీశాడు. మ్యూజియంలోని మరికొన్ని వస్తువులతో కలిపి 75 బొమ్మల ఆల్బమ్‌గా అవి వెలువడ్డాయి. మరుసటేడు ఆ శిల్పాలు ఓడెక్కి లండన్ వెళ్లిపోయి, అక్కడ మూలన పడ్డాయి. 1868లో జేమ్స్ ఫెర్గుసన్ సాంచీ, అమరావతుల మీద వెలువరించిన గ్రంథం కోసం వాటిని లండన్‌లో విలియం గ్రిగ్స్ మళ్లీ ఫొటోలు తీశాడు.

ట్రైప్ కథ మాత్రం మధ్యలోనే ఆగింది. 1859లో మద్రాసు గవర్నర్‌గా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యాన్ ఖజానా చూసి, ఫొటోగ్రఫీ ఈ పరిస్థితుల్లో తలకు మించిన విలాసమని తేల్చేశాడు. 1860లో ట్రైప్ దుకాణం కట్టేసింది. అదే ఏడు ట్రెవెల్యాన్‌నూ డబ్బు వ్యవహారమే దెబ్బతీసింది. ఆదాయపు పన్నును బాహాటంగా వ్యతిరేకించినందుకు లండన్ ఆయన్ను వెనక్కి పిలిచింది. ట్రైప్ ఆ తర్వాత కెమెరా ముట్టుకున్నది చాలా తక్కువ. ఆయన సహాయకుడిగా పనిచేసిన అయ్యాస్వామి అనే మద్రాసు యువకుడు హంటర్ పాఠశాలలో ఫొటోగ్రఫీ పని కొనసాగించాడు.

1860లు వచ్చేసరికి సంఘాల తీరు మారింది. సిపాయిల తిరుగుబాటు తర్వాత సైనికాధికారుల బదిలీలు, మరణాలతో పాత సభ్యులు చెల్లాచెదురయ్యారు. 1863లో సామ్యూల్ బోర్న్ వచ్చి హిమాలయాల ఫొటోలు తీసి అమ్మడం మొదలుపెట్టాక, ఒకప్పుడు సాటి సభ్యుడికి ఇచ్చిపుచ్చుకునే బొమ్మ దుకాణంలో దొరికే సరుకైంది. సరదాకి తీసేవాడు బోర్న్ ప్రింటు పక్కన తన ప్రింటు పెట్టి చూసుకుని నిట్టూర్చాల్సిందే. ఇంత శ్రమ ఎందుకని చాలామంది వదిలేశారు.

వాళ్లను మళ్లీ కెమెరా దగ్గరికి రప్పించింది 1871లో రిచర్డ్ మాడాక్స్ అనే మరో వైద్యుడు సూచించిన పొడిపలక. దాంతో గుడారం, ఈథర్, నల్లవేళ్లు అన్నీ మాయమయ్యాయి. ఔత్సాహికుల సంఖ్య వేల నుంచి లక్షలకు పెరగడం, 1884లో వాళ్లకోసమే లండన్‌లో ఒక వారపత్రిక రావడం, 1888లో కోడక్ కెమెరాతో అసలు చీకటిగది మొహమే చూడనివాళ్లు కూడా ఫొటోగ్రాఫర్లు కావడం, దాన్ని భరించలేని కొందరు 1892లో లండన్ సొసైటీతో తెగతెంపులు చేసుకుని పిలుపు ఉంటే తప్ప చేరనివ్వని ‘లింక్డ్ రింగ్’ కూటమి పెట్టుకోవడం వచ్చే భాగంలో చూద్దాం.